మూడు చేతుల టీ

రాజ్యాల చరిత్ర రాసేవాళ్లు యుద్ధాల తేదీలు పట్టుకుని వేలాడతారు గానీ, ఇళ్ల చరిత్ర గురించి పట్టించుకున్న పాపాన పోలేదు. అందుచేత ఫ్రేముల మేస్త్రి ఇంట్లో అరకప్పు టీ యుగం సరిగ్గా ఏ రోజున మొదలైందో చెప్పడానికి శాసనాధారాలు లేవు. మేస్త్రి లెక్కన అది ఆరేళ్ల కిందటి మాట. ఆయన భార్య లెక్కన ఆరేళ్ల నాలుగు నెలలు. ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన టీచరమ్మ కాబట్టి ఆవిడ మాటే ప్రమాణమని అప్పట్లోనే తీర్మానమైపోయింది.

అంతకుముందు ఆ ఇంట్లో సాయంత్రం నాలుగింటికి టీ కప్పు అంచుదాకా నిండేది. ఒకానొక రోజునుంచి సగానికి దిగింది. పక్కింటివాళ్లు దీన్ని పొదుపన్నారు. ఎదురింటివాళ్లు ఆరోగ్య సూత్రమన్నారు. బంధువులు మాత్రం పిసినారితనమని ఏకగ్రీవంగా తేల్చి, ఆ ఇంటికి రాకపోకలు కూడా సగానికి తగ్గించారు. మేస్త్రి కుడి చెయ్యి వణకడం మొదలైందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

“నిండా పోస్తే మాత్రం ఏం లాభం? సగం మీరు తాగుతున్నారు, సగం మీ చొక్కా తాగుతోంది,” అంది టీచరమ్మ. “చొక్కాకి టీ అలవాటు చెయ్యకండి. మానిపించడం కష్టం.”

కొన్నాళ్లకి అరకప్పు కూడా నోటిదాకా క్షేమంగా చేరడం మానేసింది. అప్పుడు టీచరమ్మ రెండో సంస్కరణ ప్రవేశపెట్టింది. మేస్త్రి కప్పు ఎత్తగానే, ఆవిడ తన రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకునేది. కప్పు ఒకటి, తాగే నోరు ఒకటి, చేతులు మూడు. వృత్తలేఖినితో సున్నా చుట్టలేక అవస్థపడే పిల్లల చేతుల్ని ఏళ్ల తరబడి పట్టుకున్న పట్టు అది.

“ఆగు. కదలకు. ఊఁ, ఇప్పుడు తాగండి,” అనేది.

ఆగమన్నది చేతిని. తాగమన్నది మొగుణ్ని. మొగుడికి మర్యాద ఇస్తూనే ఆయన చేతిని మాత్రం వెనక బల్ల మీద కూర్చునే అల్లరి పిల్లాడిలా అదిలించేది. ఆ చెయ్యి కూడా ఆవిడ పట్టులో కాసేపు బుద్ధిగా ఉండేది.

చెయ్యి వణికితే నష్టం ఒక్క టీకే అయితే ఇంత చరిత్ర అక్కర్లేదు. మేస్త్రి ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడు. ఇంటి ముందు గదే కొట్టు. గోడకి ఆనించిన చెక్క పట్టీలు, నలభై అయిదు డిగ్రీల కోణంలో మూలలు కోసే రంపపు పెట్టె, నేలంతా మెత్తటి పొట్టు. కొట్టుకి గుండెకాయ లాంటిది మాత్రం అద్దం కోసే వజ్రపు కలం. అద్దం మీద గీత ఒక్కసారే గీయాలి. స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఈ చివరనుంచి ఆ చివరకి. గీత తప్పిందని రెండోసారి గీస్తే అద్దం ఒప్పుకోదు, తనకి నచ్చిన దారిన పగులుతుంది. చెయ్యి వణకడం మొదలయ్యాక మేస్త్రి అద్దాలు వరసగా తమకు నచ్చిన దారిన పగిలాయి. ఆయన కలాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేసి, కోసిన అద్దాలు బయటనుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు.

పరీక్షించిన డాక్టరు, “ఇది వణుకుడు జబ్బు. ప్రాణానికేం ప్రమాదం లేదు,” అన్నాడు. ఎడమ చెయ్యి కూడా కొంచెం వణికేది గానీ దాన్ని ఎవరూ ఖాతరు చేయలేదు. ఎడమ చేతులకి చరిత్రలో చోటు తక్కువ.

ఆ తర్వాత టీచరమ్మకి మతిమరుపు వచ్చింది.

మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయింది. అది అందరూ చేసేదే. తర్వాత కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతికింది. అదీ అందరూ చేసేదే. ఒకరోజు పదమూడో ఎక్కం చదువుతూ పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అది అందరూ చేసేదే కావచ్చు గానీ ఆవిడ చేసేది కాదు. మేస్త్రి చేతిలో ఉన్న మేకులు కింద పెట్టేశాడు.

రెండేళ్లలో ఎక్కాలన్నీ పోయాయి. పక్క వీధిలో కాపురముంటూ, లైబ్రరీలో పనిచేసే కూతురి పేరు పోయింది. చివరికి ఒక ఉదయం ఆవిడ కొట్టులోకి వచ్చి, మేస్త్రిని ఎగాదిగా చూసి, “ఫ్రేము కట్టించుకోవాలాండీ? మా ఆయన లేరు. నాలుగింటికి వస్తారు,” అంది.

“సరేనండీ,” అన్నాడు మేస్త్రి.

నాలుగింటికి అలవాటు ప్రకారం మేస్త్రి ఆవిడ ఎదురుగా కూర్చుని అరకప్పు టీ ఎత్తాడు. చెయ్యి వణికింది. ఆవిడ చేతులు వాటంతటవే లేచి వచ్చి మణికట్టు పట్టుకున్నాయి.

“ఆగు. కదలకు,” అంది. మొహంలోకి చూసింది. “వచ్చారా? ఇంతసేపూ ఎక్కడికెళ్లారు?”

అప్పటినుంచి అదే వరస. పొద్దుటినుంచీ ఆ ఇంట్లోనే తిరుగుతూ, ఆవిడ జడ వేస్తూ, మందులు మింగిస్తూ ఉన్న మనిషి లెక్కలోకి రాడు. నాలుగింటికి చెయ్యి వణికాకనే మొగుడు ఇంటికొచ్చినట్టు. అలా వచ్చిన మొగుడు పెడితేనే ఆవిడ కడుపునిండా తినేది. మిగతా పూటలు, బాగా తెలియని ఇంటికి వెళ్లినవాళ్లలా, ఏదో కొరికాననిపించేది.

కానీ పెట్టవలసింది కూడా ఆ వణికే చెయ్యే. ఒక సాయంత్రం చెంచాలోని వేడి వేడి జావ ఒలికి ఆవిడ మెడ మీద పడింది. బొబ్బ లేచింది. ఆవిడ అరవలేదు. పైగా, “పరవాలేదు లెండి, కావాలని చేశారా,” అని ఆయన్నే ఓదార్చింది.

మర్నాడు కూతురు బొబ్బ చూసింది.

“నాన్నా, నీ చెయ్యి నీ మాట వినదు. అమ్మ ఎవరి మాటా వినదు. నేనెవరితో మాట్లాడాలో చెప్పు.”

“చూసుకుంటాను లేవే.”

“ఏం చూసుకుంటావు? ఇవాళ మెడ, రేపు కన్ను. లైబ్రరీ వెనకాల ఆ సంరక్షణ కేంద్రం ఉందిగా, వచ్చే నెల ఒక మంచం ఖాళీ అవుతోందట. నర్సులున్నారు. తోట కూడా ఉంది.”

“తోట మీ అమ్మకెందుకు? బెండకాయకీ దొండకాయకీ తేడా తెలియని మనిషి.”

“నాన్నా!”

“ఒక్క నెల ఆగు,” అన్నాడు మేస్త్రి. “చెయ్యి బాగుచేయించుకుంటాను. కాకపోతే అప్పుడు నీ ఇష్టం.”

అలా అరవై ఎనిమిదేళ్ల వయసులో, పంటి నొప్పికి కూడా డాక్టరు దగ్గరికి వెళ్లని మనిషి, పెద్దాసుపత్రిలో తల చూపించుకోవడానికి బయల్దేరాడు. అక్కడ ఒక డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. కోత ఉండదు. కపాలం తెరవరు. చెవికి వినబడని శబ్దాన్ని వెయ్యి వైపులనుంచి తలలోకి పంపిస్తారు. ఏ ఒక్క తరంగానికీ దానంతట దానికి బలం లేదు, దారిలో ఎవరికీ హాని చేయదు. అన్నీ కలిసి లోపల ఒక్క చుక్క మీద చేరినప్పుడు మాత్రం అక్కడ వేడి పుడుతుంది. వణుకు పుట్టిస్తున్న చోటు ఆ వేడికి మాడిపోతుంది.

“ఎండలో భూతద్దం పెట్టి కాయితం కాల్చినట్టు,” అన్నాడు మేస్త్రి. అద్దాల మనిషి కదా.

“అచ్చం అంతే.”

“మా చుట్టాలు కూడా ఇంతేనమ్మా. ఒక్కొక్కళ్లు విడివిడిగా మంచివాళ్లే. అందరూ ఒక్కచోట చేరితేనే కాలుతుంది.”

డాక్టరమ్మ నవ్వింది. ముందు ఒక చేతికే చేస్తామని, అంతా సవ్యంగా ఉంటే రెండో చేతికి తొమ్మిది నెలల తర్వాత చూద్దామని చెప్పింది. ఏ చెయ్యి కావాలని అడిగింది.

“కుడిచెయ్యే. మా ఆవిడకి తినిపించాలి.”

కపాలం ఎముక శబ్దాన్ని పోనిస్తుందో లేదో చూడటానికి ముందుగా స్కాన్ తీశారు. పోనిస్తుందని తేలింది. “నా బుర్రలోకి ఏదైనా ఎక్కుతుందని మా ఆవిడకి ఎవరైనా చెప్తే బావుండు,” అన్నాడు మేస్త్రి. చెప్పినా ఆవిడకి అర్థంకాదని ఆ వెంటనే గుర్తొచ్చి, కాసేపు గోడ మీది క్యాలెండరు చదివాడు.

చికిత్స రోజున తల నున్నగా గొరిగారు. తల కదలకుండా ఉండటానికి చుట్టూ ఒక ఇనుప చట్రం బిగించి నాలుగు మరలు తిప్పారు. కోత లేదు, కుట్టు లేదు అన్నారు గానీ ఈ నాలుగు మరల ప్రస్తావన ఎవరూ తేలేదు. అవి లెక్కలోకి రావట. నలభై ఏళ్లుగా జనానికి ఫ్రేములు కట్టిన మనిషికి ఇవాళ జనం ఫ్రేము కట్టారు. చల్లని నీళ్లు తిరిగే టోపీ పెట్టి, పెద్ద గొట్టంలాంటి యంత్రంలోకి పంపించారు. మేస్త్రి మెలకువగానే ఉన్నాడు. తలలో వేడి, ఒకసారి కళ్లు తిరగడం, పెదవి మీద తిమ్మిరి. ప్రతి విడతకీ బయటికి లాగి, చేతికి పెన్నిచ్చి, నత్తగుల్లలా చుట్టలు చుట్టిన ముగ్గు గీయమనేవారు.

మొదటిది భూకంపం వచ్చిన ఊరి పటంలా ఉంది. మూడోది గాలికి కదిలిన తీగలా ఉంది. అయిదోది గీస్తుండగా మేస్త్రి పెన్ను ఆపేశాడు.

“ఏమైంది? నొప్పా?” అన్నాడు యంత్రం చూసే ఆయన.

“కాదు బాబూ. ఇది నా చెయ్యే,” అన్నాడు మేస్త్రి, పోగొట్టుకున్న గొడుగు స్టేషన్లో దొరికినవాడిలా. “ఈ కాయితం నేను పట్టుకెళ్లచ్చా?”

“ఏం చేసుకుంటారండీ?”

“టీచరుకి చూపించాలి.”

రెండో రోజు ఇంటికొచ్చాడు. నడకలో కాస్త తూలుడు ఉంది గానీ కుడి చెయ్యి గోడకి కొట్టిన మేకులా ఉంది. తిన్నగా భార్య దగ్గరికి వెళ్లి కాయితం చేతికిచ్చాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, చుట్టల్ని లోపలినుంచి బయటికి వేలితో అనుసరించి, తలూపింది.

“బాగా గీశాడు,” అంది. “ఎవరి పిల్లాడు?”

కూతురు మొహం తిప్పుకుంది. మేస్త్రి నవ్వాడు. నాలుగింటికి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు కూతురు కప్పు నిండా టీ పోసింది. ఆరేళ్ల తర్వాత నిండిన కప్పు. మేస్త్రి దాన్ని ఎత్తాడు. చుక్క ఒలకలేదు. ఉపరితలం మీద సన్నటి అల కూడా లేవలేదు. వైద్యశాస్త్రం ఆ గదిలో అంత స్పష్టంగా గెలిచింది.

టీచరమ్మ చేతులు ఒడిలోనే ఉండిపోయాయి.

“నాలుగైనా ఆయనింకా రాలేదేమిటో,” అంది గుమ్మం వైపు చూస్తూ.

“వచ్చాను కదా. ఇదిగో, ఇక్కడే ఉన్నాను.”

“మీరు కాదండీ. మా ఆయన. చెయ్యి వణుకుతుంది పాపం. ఎవరైనా పట్టుకోవాలి.”

ఆయన చెంచా అందిస్తే మర్యాదగా తల అడ్డంగా ఊపింది. “మొహమాటం కాదండీ. ఆయన వచ్చాక తింటాను.”

గుండు వల్ల పోల్చుకోలేకపోతోందని కూతురు సిద్ధాంతం చేసింది. వెళ్లి ఒక ఊలు టోపీ కొనుక్కొచ్చింది. టోపీ పెట్టుకున్న మేస్త్రికి కూడా మర్నాడు అదే మర్యాద దక్కింది. ఆవిడ ఆ రోజు రెండు బిస్కెట్లు, అరగ్లాసు పాలు తీసుకుంది.

మూడోనాడు మేస్త్రి ఒక ఘోరానికి ఒడిగట్టాడు. అరకప్పు టీ ఎత్తి, బాగుపడిన చేతిని కావాలని వణికించాడు. ఆరేళ్లు వద్దన్నా వణికిన చెయ్యి, తీరా బతిమాలితే నాటకాల్లో ముసలి వేషం కట్టిన కుర్రాడిలా ఊగింది. టీచరమ్మ కాసేపు చూసింది. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల దొంగ జ్వరాలు పట్టిన మనిషి. ఆవిడ మొహం ఎర్రబడింది.

“ఏమిటండీ ఆ వెక్కిరింత? మా ఆయన్ని వెక్కిరిస్తున్నారా? పెద్దవాళ్లు, మీకు సిగ్గులేదూ? జబ్బుతో ఉన్నవాళ్లని అలా చెయ్యచ్చా?”

“లేదండీ, క్షమించండి,” అన్నాడు మేస్త్రి. కప్పు కింద పెట్టి, పెరట్లోకి వెళ్లి, చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్లలో రంపపు పొట్టు పడిందన్నాడు. పెరట్లో రంపం లేదు.

నాలుగోనాడు సంరక్షణ కేంద్రంనుంచి ఫోను వచ్చింది. మంచం ఖాళీ అయింది, సోమవారం బండి పంపిస్తామన్నారు. కూతురు తండ్రి దగ్గరికొచ్చి నిలబడింది.

“నువ్వు చెయ్యగలిగింది నువ్వు చేశావు నాన్నా. అమ్మ నాలుగు రోజులనుంచి తిండి తినట్లేదు. అక్కడ నర్సులకైతే అలవాటు.”

మేస్త్రి తలూపాడు. ఒక్క నెల గడువడిగి చెయ్యి బాగుచేసుకున్నాడు. చెయ్యి బాగుపడినందుకే ఆవిడ వెళ్లిపోతోంది. ఈ లెక్క చెప్పగలిగిన టీచరు ఎదురుగానే ఉంది గానీ ఆవిడని అడిగే వీల్లేదు.

అయినా నాలుగింటికి చెంచాలో జావ తీసుకుని ఆవిడ ముందు కూర్చున్నాడు. ఆవిడ తల తిప్పుకుంది. చెంచా పట్టిన కుడి చెయ్యి గాలిలో అలాగే నిలబడింది. ఎంతసేపైనా నిలబడగలదు, ఇప్పుడు దానికి అదో గొప్ప. పక్కన స్టూలు మీద టీ చల్లారిపోతోంది. కుడి చెయ్యి ఖాళీ లేక మేస్త్రి పరధ్యానంగా ఎడమచేత్తో కప్పు ఎత్తాడు.

ఎవరూ బాగుచేయని చెయ్యి అది. కప్పు సాసరు మీద టకటకమంది. టీ తొణికి ఆయన మోకాలి మీద పడింది.

ఒడిలో ఉన్న రెండు చేతులు ఎగిరి వచ్చి ఆయన ఎడమ మణికట్టు పట్టుకున్నాయి.

“ఆగు. కదలకు.” ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. టోపీ చూసింది. “ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారండీ? కబురైనా చెయ్యద్దూ? ఎవరో ఒకాయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడు.”

“పనిమీద వెళ్లాను,” అన్నాడు మేస్త్రి.

“జావ చల్లారిపోతోంది,” అంది ఆవిడ, నోరు తెరిచింది. నిలకడైన కుడి చెయ్యి చెంచాని నోటిదాకా తీసుకెళ్లింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఎడమ చెయ్యి ఆవిడ పట్టులో వణుకుతూనే ఉంది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన కూతురు ముందు గదిలోకి వెళ్లి, సోమవారం బండి అక్కర్లేదని ఫోను చేసింది.

తొమ్మిది నెలలు అలా గడిచాయి. మొగుణ్నని ఆనవాలు చూపడానికి ఒక చెయ్యి, అన్నం పెట్టడానికి ఒక చెయ్యి. గడువు ప్రకారం ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది.

“బాబాయిగారూ, ఎడమ చెయ్యి కూడా చేసేద్దామా?” అంది డాక్టరమ్మ.

“ఇప్పుడు వీల్లేదమ్మా. ఆ చెయ్యి ఖాళీగా లేదు.”

“అంటే?”

“డ్యూటీలో ఉంది.”

డాక్టరమ్మకి అర్థంకాలేదు. అయినా కాగితం మీద ఏదో రాసుకుంది.

ఆ తర్వాత ఎడమ చేతి వణుకు పెరిగింది, టీచరమ్మ పట్టు తగ్గింది. ఒక సాయంత్రం ఆవిడ చేతులు మణికట్టు దాకా వచ్చాయి గానీ పట్టుకోలేకపోయాయి, ఊరికే ఆనుకుని ఉన్నాయి. “ఆగు” అనలేదు. పెదవులు మాత్రం కదిలాయి. టీ ఇద్దరి చేతుల మీదా ఒలికింది. మేస్త్రి తుడవలేదు.

మరుసటి బుధవారం ఆవిడ చనిపోయింది. ఉదయం పదిన్నర దాటి పది నిమిషాలైంది. మేస్త్రి మంచం పక్కనే ఉన్నాడు, కుడిచేత్తో ఆవిడ నుదురు నిమురుతున్నాడు. నాలుగవడానికి ఇంకా అయిదు గంటల ఇరవై నిమిషాలుంది. ఆవిడ లెక్కలో ఆయనింకా ఇంటికి రాలేదు.

వారం తర్వాత మేస్త్రి సొరుగులోంచి వజ్రపు కలం తీశాడు. బడిలో నల్లబల్ల ముందు నిలబడ్డ టీచరమ్మ ఫొటోకి అద్దం కొయ్యాలి. స్కేలు పట్టుకోవలసింది ఎడమ చెయ్యి. అది పనికిరాదు కనుక స్కేలు మీద ఇనుప దిమ్మ పెట్టాడు. ఊపిరి బిగబట్టి గీశాడు. ఈ చివరనుంచి ఆ చివరకి ఒక్క గీత. అద్దం ఎక్కడ విరగమంటే అక్కడ విరిగింది. అంత చక్కటి గీతలు ఆయన తన జీవితంలో నాలుగైదు కంటే ఎక్కువ గీసి ఉండడు. చూసి మార్కులు వేసేవాళ్లు లేరు.

ఆసుపత్రినుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఎడమ చెయ్యి ఇప్పుడు ఖాళీయేనని మేస్త్రి ఒప్పుకున్నాడు. వస్తానని మాత్రం అనలేదు.

కూతురు రోజూ లైబ్రరీలో అడిగి గంట ముందుగా బయల్దేరి, నాలుగింటికి వచ్చి టీ పెడుతుంది. ఇప్పుడు ఒలుకుతుందన్న భయం లేదు కనుక కప్పు అంచుదాకా నింపుతుంది. మేస్త్రి కుడిచేత్తో ఎత్తుతాడు. సగం తాగి పెట్టేస్తాడు.